డ్యాష్‌బోర్డు మీది స్వామి

ఏ బండి ముందు నిలబడినా ఆ పెద్దాయన మొదట అడిగే మాట ఒకటే: "నాకంటే ముందు దీంట్లో సేయి పెట్టినోడు ఎవుడప్పా?" కార్ల కరెంటు పనిలో తిరుపతిలో ఆయనకు సాటి లేరు. కోపంలోనూ అంతే.

భాకరాపేట ఘాటు మలుపుల్లో నాయన పాత కారుకు హెడ్‌లైట్లు ఉన్నట్టుండి ఆరిపోయేవి. ముగ్గురు మెకానిక్కులు బల్బులు, ఫ్యూజులు, చివరికి బ్యాటరీ కూడా మార్చారు. డ్యాష్‌బోర్డు విప్పమంటే మాత్రం, దాని మీద బిగించిన స్వామి విగ్రహానికి దండం పెట్టి, "ఆయన్ని కదిలించకూడదు సార్" అన్నారు. ఏం భక్తి! నేను లోయలో పడినా ఫరవాలేదన్నమాట!

ఆ ముగ్గురి సంగతీ చెప్పగానే పెద్దాయన మండిపడ్డాడు. "పని సేతగాక దేవుణ్ణి అడ్డం పెట్టుకుంటారా?"

చేతి గడియారం విప్పి, వెల్లకిలా పడుకుని, తల డ్యాష్‌బోర్డు కిందికి దూర్చాడు. ఆ సందులోకి చూపు ఎలాగూ పోదు. కళ్లు మూసుకుని, వేళ్లతోనే ఒక్కో వైరూ తడిమాడు. ఒకచోట వేళ్లు ఆగాయి.

లేచి, చెంపలు వేసుకుని, విగ్రహాన్ని విప్పాడు. దాన్ని బిగించిన పొడుగాటి స్క్రూ కొన, లోపలి వైర్ల కట్టలోకి దిగి ఉంది. బండి కుదిపినప్పుడల్లా లైట్లు ఆర్పింది అదే.

"ఈడ సేయి పెట్టినోడు ఎవుడప్పా?"

అలిపిరిలో బండికి పూజ చేయించిన రోజు, విగ్రహం ఊగుతోందని ఆ స్క్రూ బిగించింది నేనే. అందాకా ముగ్గురినీ తిట్టినవాణ్ణి, తల వంచుకుని ఆయనకు టేపు చుట్ట అందించాను.

ఆయన మళ్లీ అడగలేదు. వైర్లకు టేపు చుట్టి, స్వామిని బంకతో అతికించి, స్క్రూ తెచ్చి నా అరచేతిలో పెట్టాడు.