మూలగని తలుపు

లిఫ్టులు బాగుచేసి ఇంటికి వచ్చేసరికి అతనికి మోకాళ్లు పట్టేస్తాయి. కుర్చీలో కూలబడి, గోళ్లలో ఇరుక్కున్న గ్రీజును అగ్గిపుల్లతో తీసుకుంటూ, కొత్తగా మళ్లీ తీసిన ఆ అంతరిక్షం సినిమాను తిట్టడం మొదలుపెడతాడు. కోపంగా కాదు, నీరసంగా. పాతదాంట్లో రోబో కుంటుతూ నడిచేది, ఇందులో చక్కగా నడుస్తోంది. హెల్మెట్‌లో దీపం పసుపుపచ్చగా ఉండాలి, తెల్లగా పెట్టారు. అన్నిటికంటే ఘోరం, నౌక తలుపు మూసుకునేటప్పుడు మూలగదు. "పగలంతా తలుపులు చప్పుడు చేయకుండా చూసొస్తారు, సినిమాలో చేయలేదని ఈ గోలేమిటండీ" అంటుంది భార్య. అతను అగ్గిపుల్లను ఇంకో గోటికి మారుస్తాడు. పాత సినిమాను చిన్నప్పుడు అన్నతో కలిసి, ఒకే కుర్చీలో ఇరుక్కుని చూశాడు. ఆ తలుపు మూలుగును అన్న నోటితో అచ్చం అలాగే చేసేవాడు. ఆ అన్న ఒకరోజు పనికని వెళ్లి మళ్లీ రాలేదు. ఎక్కడున్నాడో నేటికీ ఎవరికీ తెలియదు.

మూడోసారి చూడబోతుంటే కూతురు కూడా వెంట వెళ్లింది. "చూడు, కోటుకు గుండీలు తగ్గించేశారు" అని హాల్లో గొణుగుతూనే ఉన్నాడు. పాత కథ ఆమెకు నాన్న నోట విని విని కంఠతా వచ్చు: చివర అన్నదమ్ముల్లో తమ్ముడొక్కడే ఇల్లు చేరతాడు, అన్న వాళ్లు వెళ్లిన గ్రహం మీదే ఉండిపోతాడు. కొత్తదాంట్లో తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. అన్నదమ్ములిద్దరూ భూమ్మీద దిగారు. ఇక నాన్న అందుకుంటాడని ఆమె చెవులు రిక్కించింది. అతను నోరు మెదపలేదు. బయట రైలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతున్న తండ్రిని అడిగింది: "కథే మార్చేశారు కదా నాన్నా, దాన్నేమీ అనవేం?"

అతను ఆగి మోకాలు రుద్దుకున్నాడు.

"అదొక్కటీ అలా ఉండనీలేమ్మా."