పైకి లేచే తలుపులు

కోరుట్లలో మా పక్కింటి మెకానిక్‌ను అందరం ఉస్తాద్ అనేవాళ్ళం. మా ఊరి దొరకున్న పాత జర్మన్ స్పోర్ట్స్ కారును ఆయనే చూసేవాడు. బరువు తగ్గించడానికి సన్నటి గొట్టాలతో అల్లిన చట్రం పక్కల ఎత్తుగా ఉండడంతో, తలుపులను కప్పుకు బిగించారు; అవి రెక్కల్లా పైకి లేచేవి. "ఎంత తెలివి!" అంటూ ఆయన వాటిని మురిపెంగా నిమిరేవాడు.

తెలంగాణ కోసం బంద్ జరిగిన రోజు, రోడ్డు మీది బండరాళ్ళను తప్పించబోయి ఆ కారు ఊరి బయట బోల్తా పడింది. తోలుతున్నది దొర దగ్గర డ్రైవరుగా చేసే ఉస్తాద్ తమ్ముడు. కప్పు నేలకు ఆనడంతో తలుపులు తెరుచుకోలేదు.

"అద్దం పలగ్గొట్టుండ్రి!" అని అరుస్తూ ఉస్తాద్ పరుగెత్తాడు. బయటికి లాగేసరికే తమ్ముడికి ఊపిరి లేదు.

నెల తిరిగాక దొర ఆ కారును లాగించుకొచ్చి, "మునుపటి లెక్కనే చేసియ్యి" అన్నాడు.

"ఇంజను చేస్త దొరా. గా తలుపులు నాతోని కాదు."

దొర కారును సిరిసిల్లకు లాగించుకుపోయాడు. ఆ తర్వాత ఉస్తాద్ సైకిళ్ళు మాత్రమే బాగుచేశాడు.