నా ఆస్తి, దాని కింది బొగ్గు

దసరా ముందు గనిల లాభాల వాటా చేతిల పడంగనే, నా ఆస్తి ఎంతైందో లెక్కగట్టుకునుడే నాకు అసలు పండుగ. తెలంగాణ రాకముందు ఒక ఏడాది, గోదావరిఖనిల మా ఇంటి ధర పెరిగిందని మస్తు పొంగిపోయిన. అంతల్నే బాపు దవాఖానల పడ్డడు. ఆ ఖర్చుకు మా ఆమె బంగారమంత కుదవకు పోయింది.

"ఫికర్ చెయ్యకు, ఇల్లున్నది గద" అని ఆమెకు దర్జాగ చెప్పిన.

నెల తిరగకముందే ఇంటి గోడ నిలువునా పగిలింది.

"కింద బొగ్గు తీస్తున్నరట, అందుకే నేల కుంగుతున్నదట" అన్నది మా ఆమె.

నాకే చెప్పొచ్చింది! ఆ బొగ్గు తీసే షిఫ్టుల ఉన్నది నేనే.

మళ్ల దసరాకు లాభాలు ఇంక పెరిగినయని గనిల మాకందరికి స్వీటు డబ్బలు పంచిన్రు. నా వాటా మొత్తం గోడ సిమెంటుకే పోయింది. నా ఇంటి కింద నేనే తవ్వితే, నాకు మిగిలింది ఆ స్వీటు డబ్బ.