మా వైఫై లిస్టులో మనోళ్లు

ఈ రోజు మా ఇంటి వైఫైని కట్టుదిట్టం చేశాను. పాస్‌వర్డ్ తెలిసినా సరే, నేను లిస్టులో ఎక్కించిన ఫోన్లకు తప్ప దేనికీ నెట్ రాదు. కారణం మా అమ్మ. ఎల్బీనగర్‌లో మేముండే బిల్డింగ్‌లోకి ఎవరు కిరాయికి దిగినా, మొదటి రోజే బిందెడు మంచినీళ్లు, గిన్నెడు పప్పుచారు, మా పాస్‌వర్డ్ ఇచ్చి వస్తుంది. ఇంట్లో కూర్చుని పని చేసే నాకేమో ప్రతి మీటింగ్‌లో మాట ఆగిపోతుంది.

లిస్టు పెట్టి టీ తాగేలోపే పై అంతస్తు లక్ష్మి పిన్ని ఫోన్ పట్టుకుని వచ్చింది. జాకెట్టు కుట్టే వీడియో సగంలో ఆగిందట. ఆమె వెనకే వాచ్‌మన్ యాదయ్య. నల్గొండలో ఉన్న కూతురితో వీడియో కాల్ మాట్లాడుతుంటే కట్టయిందట.

"ఏంది బిడ్డా, మనోళ్లకే బంద్ పెట్టినవా?" అంది అమ్మ.

"మనోళ్లంటే ఇంట్ల ఉండేటోళ్లే కదమ్మా."

"మరి నీకు జరమొస్తే దవాఖానకు ఎవలు తీస్కపోయిండ్రు? రాయి, ముందుగాల పిన్నిది రాయి."

అమ్మ బిల్డింగ్‌లో అందరి పేర్లూ చెబుతూ పోయింది, నేను ఎక్కిస్తూ పోయాను. ఇక చోటు లేదని రౌటర్ చెప్పినప్పుడు గుర్తొచ్చింది, నా ల్యాప్‌టాప్ ఎక్కించనేలేదని. ఎవరిదైనా తీసేద్దామంటే అమ్మ ఒప్పుకోదు.

పిన్నికే జాలేసింది. "నా ఫోన్ల జర డేటా ఉంది, హాట్‌స్పాట్ ఇస్త," అని గొంతు తగ్గించింది. "పాస్‌వర్డ్ మాత్రం ఎవలికీ చెప్పకు బిడ్డా."

ఈ పోస్టు పిన్ని దయ. మీ ఇంటి లిస్టులో మీరున్నారో లేదో ఓసారి చూసుకుని చెప్పండి.