సారు గీయని బొమ్మ

మా డ్రాయింగు సారు పోయారని పొద్దున్నే ఫోనొచ్చింది. చెప్పినాయన భోపాల్‌పట్నంలో మా కిరాణా కొట్టు పక్కన జిరాక్స్ సెంటర్ నడిపే మనిషి. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. వారపు అంగడి రోజుకి తయారు కావలసిన బొమ్మల కథ సగంలో ఉంది. ఎన్నాళ్లుగానో వెంటబడుతున్నాను. "అయితది బిడ్డా, అయితది" అంటూ చివరికి ఆయన చేసిన పని ఇదీ. ఏడుపు సాయంత్రం వచ్చింది, అప్పుడిక ఆగలేదు.

ఆయన్ని ఎరగనివాళ్ల కోసం చెప్తాను. బడిలో మాకు బొమ్మలు నేర్పి రిటైరయ్యాక, సారు మా చుట్టుపక్కల నిజంగా జరిగిన సంగతులను గడులు గీసి బొమ్మల కథలుగా వేసేవారు. బోరు చెడిపోయిన ఊరు, రేషన్ రాని నెల, పందులు తొక్కిన చేను. గోండీ, దొర్లీ, హల్బీ, హిందీ, తెలుగు అన్నీ కలిసి తిరిగే చోట అక్షరం కంటే బొమ్మే ముందు నడుస్తుందని ఆయన నమ్మకం. ఆయన వెంట ఊళ్లు తిరిగి మాటలు రాసుకోవడం, జగదల్‌పూర్‌లో అచ్చు వేయించడం నా వంతు. అచ్చయిన పేజీలను అంగడిలో ఎండుచేపల వరస పక్కన తాడు కట్టి, బట్టల క్లిప్పులతో తగిలించేవాళ్లం.

ఆయనతో పనంటే ప్రాణం తోకకొచ్చేది. ఎవరి బొమ్మ గీస్తే ముందు వాళ్లకే చూపించాలి, వాళ్లు సరే అనాలి. ఒక ముసలాయన "నా కోడికి అంత తోకెక్కడిది?" అన్నాడని, ఆ కోడిని చూడ్డానికి మళ్లీ ఆ ఊరు పోయారు. అప్పటికే దాన్ని కోసుకుని తినేశారు. అయినా ఈకలు అడిగి మరీ చూశారు. మాటల దగ్గరా అదే పట్టు. దొర్లీలో మాట్లాడిన మనిషి నోట్లో హిందీ పెట్టనివ్వరు. ఒక పేజీ చదవాలంటే ముగ్గురు కూడాలి. "ఇట్లైతే ఎవరు చదువుతరు సార్?" అంటే "కూడనీ" అనేవారు. ఆలస్యమైపోతోందని అరిస్తే, "ఆలస్యమైతే వార్త పాతబడతది. తప్పైతే చాడీ అయితది" అనేవారు. గొంతు పెంచరు, చాయ్ పోస్తారు. నాకు అదింకా మండేది.

అన్నిటికంటే నన్ను ఏడిపించింది తర్లగూడ వైపు ఒక ఊళ్లో దోనె మునిగిన కథ. వానాకాలంలో, పట్టేవాళ్లకంటే ఎక్కువమందిని ఎక్కించుకున్న దోనె వాగు మధ్యలో బోల్తా పడింది. ఒక చిన్నపిల్ల తప్ప అందరూ ఒడ్డున పడ్డారు. ఆ పిల్ల తల్లిని ఆమె బావ, అంటే భర్త అన్న, ఊరంతా ఆడిపోసుకున్నాడు. బిడ్డ చెయ్యి వదిలేసి తను బయటపడిందన్నాడు. అతను ఆ దోనెలో లేనేలేడు. అయినా మాట పాకింది. బోరు దగ్గర ఆడవాళ్లు ఆమె బిందె పక్కన బిందె పెట్టడం మానేశారు. ఆమె సారు దగ్గరికి వచ్చింది. "జరిగింది గీయుండ్రి సారూ" అంది. ఇంకేమీ అడగలేదు.

దోనె నడిపినవాణ్నీ, ఎక్కినవాళ్లనూ అందరినీ కలిశాం. గాలి, నీళ్లు, ఒరిగిన దోనె అన్నీ గీశారు. చివరికి ఆమెనే అడిగారు. "నీళ్లల్ల పడ్డంక బిడ్డ చెయ్యి నీ చేతిలనే ఉండెనా?"

ఆమె తన అరచెయ్యి చూసుకుంది. "పట్టుకున్ననే అనుకుంటున్న సారూ. సహీ చెప్తున్న, యాదికి లేదు."

సారు ఆ గడికి చుట్టూ గీత గీసి, లోపల తెల్లగా వదిలేశారు.

నా ఒళ్లు మండిపోయింది. "చిన్న చెయ్యిని పెద్ద చెయ్యి పట్టుకున్నట్టు గీస్తే ఏం పోతది సార్? ఆమె బతుకు బాగుపడతది."

"చూసినోళ్లు లేరు బిడ్డా. ఇయ్యాల నేను ఆమె కోసం కల్పిస్తే, ఆమె మీద వాడు కల్పించిందాన్ని ఏమని కాదంటం?"

చాయ్ ముట్టకుండా లేచి వచ్చేశాను.

అది చాలదన్నట్టు, అచ్చాఫీసువాడు ఖాళీ చోటు చూసి, అయ్యో వృథాగా పోతుందని అందులో ట్రాక్టరు ప్రకటన వేశాడు! పిల్ల మునిగిన చోట ఎర్ర ట్రాక్టరు, దాని మీద నవ్వుతూ ఒక రైతు. సారు గంజి కాయించి, ప్రతి కాపీలోనూ ఆ ట్రాక్టరు మీద తెల్లకాగితం అతికించారు. ఆయన్నీ, అచ్చాఫీసునీ కలిపి తిట్టుకుంటూ నేనూ అతికించాను.

అంగడి రోజున తాడు దగ్గర జనం మూగారు. దొర్లీ ఒకరు, హిందీ ఒకరు చదివి వినిపిస్తున్నారు. ఆ తల్లి వెనక నిలబడి వింటోంది. తెల్లగడి రాగానే చదివేవాళ్లు ఆగిపోయారు.

"ఈడ ఏం లేదేంది?" అని గట్టిగా అడిగింది ఆ బావే.

సారు జేబులోంచి పెన్సిలు తీశారు. "నాకెవ్వరు చెప్పలే. నువ్వేం చూసినవో చెప్పు, ఇప్పుడే గీస్త."

అందరూ అతన్నే చూస్తున్నారు. చివరికి "నేనాడ లేను" అన్నాడు.

"నేను సుత లేను" అన్నారు సారు.

ఆ తర్వాత ఆ మాట మళ్లీ ఎవరి నోటా వినలేదు. బోరు దగ్గర బిందెలు ఒక్కరోజులో కలవలేదు గానీ కలిశాయి. ఆయన గెలిచారని, నాకు ఒళ్లు మండినా ఆయన చేసిందే సరైనదని సారుతో అన్నాను. "చాయ్ చల్లారుతది, తాగు" అన్నారు. నా జీవితంలో ఇంత విసిగించిన మనిషి ఇంకొకరు లేరు. ఇంత నేర్పినవాళ్లూ లేరు.

సారు తన గదిలో ఒక్కరే పడుకుని, నిద్రలో పోయారు. నేను వెళ్లేసరికే వాకిట్లో కథలు మొదలయ్యాయి. పెన్సిలు చేతిలో పట్టుకునే పోయిండ్రంట. నవ్వుకుంట పోయిండ్రంట. దేవుడికి దండం పెట్టిండ్రంట. విని విని తల వాచిపోయింది.

మధ్యాహ్నానికి ఆ తల్లి వచ్చింది, బావే సైకిలు మీద తీసుకొచ్చాడు. చెప్పులు విడిచి నా పక్కన కూచుంది.

"సారు పోంగ ఎవరన్న చూసిండ్రా అక్కా?"

"లేదు. ఒక్కరే ఉండె."

ఆమె తలూపింది. వాకిట్లో మాటలు ఆగిపోయాయి. దండం పెట్టిండ్రన్నాయన తువ్వాలు దులుపుకుని కొంచెం అవతలికి జరిగి కూచున్నాడు.

వాళ్లు వెళ్లేటప్పటికి వాన పట్టింది. బావ సైకిలెక్కలేదు. తర్లగూడ రోడ్డు మీద ఆమె నడుస్తుంటే, పక్కనే సైకిలు నడిపించుకుంటూ, తడుస్తూ, ఆమె నడకతోనే వెళ్లాడు.