డార్లా వదలని దావా

అమెరికాలోని డెలవేర్ రాష్ట్రపు దివాలా కోర్టులో డార్లా కోవాచిక్ లేచి నిలబడింది. ఆమె భర్త ఒక రంగుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ అక్కడి విషపు ఆవిరి పీల్చి పీల్చి చనిపోయాడు. దివాలా తీసిన ఆ కంపెనీ ఇప్పుడు అప్పుల పరిష్కార ప్రణాళికకు ఆమోదం కోరుతోంది. అభ్యంతరం రాసి పంపనివాళ్లంతా యజమానుల మీద దావా వేసే హక్కు వదులుకున్నట్టేనని అందులో ఒక షరతు.

“అభ్యంతరం ఉంటే రాయమని కవరు పంపాం కదమ్మా, మీరు బదులివ్వలేదు,” అన్నాడు కంపెనీ లాయరు.

“పిజ్జా కొట్టువాళ్లూ రోజూ కాగితాలు పంపుతారు బాబూ. బదులివ్వలేదని పిజ్జాలన్నీ కొన్నట్టా?”

జడ్జి నవ్వు ఆపుకుంటూ, నోరు విప్పకపోవడం ఒప్పుకోవడం కాదనీ, ఆ షరతు తీసేస్తేనే ఆమోదిస్తాననీ చెప్పాడు.

బయట వరండాలో లాయరు ఆమెను పట్టుకున్నాడు. “పోనీ, ఇప్పుడు సంతకం పెట్టి యజమానుల్ని వదిలేస్తారా? పరిహారం కాస్త ఎక్కువ ఇప్పిస్తాం.”

“ఇప్పుడు అడిగావు కాబట్టి చెబుతున్నా. వదలను. వాళ్లు బోనెక్కి నా మొహం చూసి మాట్లాడాలి.”