లైను లేని కాడికి

అత్త పోయిందన్న కబురు నాకు కోల్‌కతాలోని టాలీగంజ్ స్టేషన్‌లో తెలిసింది. కాలేజీ అయ్యాక బడ్జ్ బడ్జ్ లోకల్ కోసం నిలబడి ఉన్నాను. వాన పడుతోంది. అమ్మ ఫోన్ చేసింది. "అత్త పోయిందే. తిన్నగా రా, పరిగెత్తకు. ఇంక తొందరేటీ నేదు" అంది.

ఆ చివరి మాట విన్నాక రైలు వచ్చినా ఎక్కబుద్ధి కాలేదు. వేసవి నుంచి మా ఇంట్లోనూ అత్త ఇంట్లోనూ వినబడింది తొందర ఒక్కటే. పెద్దాసుపత్రిలో అత్తకు స్కాను తీయాలి. అది తీస్తే గాని ఆపరేషను సంగతి తేలదు. దానికి వాళ్లిచ్చిన తారీఖు దుర్గాపూజలు దాటాక. అది ముందుకు జరుగుతుందా, అంతదాకా అత్త ఆగుతుందా అన్న ఒక్క బెంగతోనే అందరం లేచేవాళ్లం, పడుకునేవాళ్లం. అత్త ఆగలేదు.

ఆమె నాకు రక్తసంబంధం కాదు, వరసకు అత్త. మేముండేది జనపనార మిల్లు లైన్లలో. ఇటుక గదులు ఒకదానికొకటి అంటించి కట్టిన బారును ఇక్కడ లైను అంటారు. "ఏ లైను?" అని అడిగితే మీ ఇల్లెక్కడని అడిగినట్టు. మా ముత్తాతలు శ్రీకాకుళం వైపు నుంచి మిల్లు పనికి వచ్చి ఈ లైన్లలో చేరారు. అత్త మా నాన్నను అన్నయ్యా అని పిలిచేది, అందుకని నాకు అత్త అయింది. ఆమె భర్త మావయ్య అయ్యాడు. వాళ్లకు పిల్లలు లేరు. ఆ మాట లైనులో ఎవరూ పైకి అనేవారు కాదు.

అత్త గోనెసంచులు కుట్టేది. ఊరికి ఉపకారం చేసిందనో, పదిమందికి దారి చూపిందనో రాస్తే ఆవిడే నవ్వుతుంది. ఆమెకు ఒక్క సరదా ఉండేది. ఏడాదికోసారి మా లైను పిల్లలందరినీ కోల్‌కతా అవతలి అంచున ఉన్న పెద్ద ఆటల పార్కుకు తీసుకెళ్లేది. అక్కడ అదనంగా డబ్బు పెట్టి ఒక పాసు కొనుక్కుంటే ఏ ఆట దగ్గరా నిలబడక్కర్లేదు, పక్క గేటు నుంచి తిన్నగా ఎక్కేయొచ్చు. అత్త ఆ పాసు ఎప్పుడూ కొనలేదు. కొనకుండానే మాకు అన్ని ఆటలూ ఆడించి తెచ్చేది.

ముందు రోజును ఎంచుకునేది. విశ్వకర్మ పూజ మర్నాడు అనేది. ఆ పూజకు మిల్లంతా గాలిపటాలు ఎగరేసి, తిని, తాగి, మర్నాడు పడకేస్తుంది. ఊళ్లో జనమేమో దుర్గాపూజ బట్టల కోసం బజార్లలో ఉంటారు. పైగా వానాకాలం వదలని రోజులు. "ఈయేళ పార్కుకి వచ్చేది ఎవులే? మనం, కాకులు" అనేది.

మొదటి లోకల్‌కే బయల్దేరదీసేది. మా నాయనమ్మ వసారాలో కూర్చుని, "అంత పొద్దున్నే ఎల్లి గేటుకి దండేస్తావేటే?" అని దెప్పేది. "దండెయ్యను పెద్దమ్మా, నానే తీస్తాను గేటు. ఆ దర్వాన్ బాబుకి తాళం ఎక్కడెట్టాడో గురుతుండదు" అనేది అత్త. మా ఎవరి చేతిలోనూ సంచి ఉండకూడదు. సంచి ఉంటే తనిఖీ దగ్గర ఆగాలి, ఆగితే వెనకపడతాం. పార్కు బయట కాలిబాట మీద కూర్చోబెట్టి పులిహోర తినిపించేది. "కడుపు నిండినోడికి తిండి లైను అక్కర్నేదు" అనేది. గేటు తెరిచీ తెరవగానే అందరూ ఎదురుగా కనబడే పెద్ద చక్రం దగ్గరకు పరిగెత్తేవారు. మేము దాన్ని దాటుకుని పార్కు చివరికి నడిచేవాళ్లం. అక్కడి నుంచి వెనక్కి ఆడుకుంటూ వచ్చేవాళ్లం. మిగతావాళ్లు తింటున్నప్పుడు మేము ఆడేవాళ్లం. వాన వస్తే ఆటలు ఆపేసేవారు, జనం బస్సుల వైపు పోయేవారు. మేము పకోడీల కొట్టు చూరు కింద వణుకుతూ నిలబడేవాళ్లం. వాన వెలిశాక చూస్తే వరస ఉండేది కాదు.

"లైను దాటడం ఏరే. లైను లేని కాడికి ఎల్లడం ఏరే" అని అత్త అనేది. మొదటిది చేస్తే చెవి మెలిపెట్టేది. రెండోది చేస్తే మెచ్చుకునేది. చిన్నప్పుడు నాకు ఈ రెండింటికీ తేడా తెలిసేది కాదు. ముందుకు పోవడమే కదా అనుకునేదాన్ని.

ఒకసారి మా లైనంతా నన్ను చూసి చాలా కాలం నవ్వుకున్న సంగతి ఒకటి జరిగింది. పార్కులో టికెట్ల కిటికీ పక్కన ఆ పాసు గురించి బంగ్లా భాషలో పెద్ద బోర్డు పెట్టారు. నేను బంగ్లా బడి పిల్లను, చదవడం అప్పుడే పట్టుబడింది, కనబడిందల్లా బిగ్గరగా చదివేదాన్ని. "ఇది కొంటే ఇంక లైనులో ఉండక్కర్లేదంట" అని మావాళ్లకు తెలుగులో చెప్పి, నాకు నిజంగానే భయమేసి, "మరి మనమెక్కడ ఉంటాం అత్తా?" అని అడిగాను. నాకు తెలిసిన లైను ఒక్కటే, మా ఇల్లు. పిల్లలు పడీపడీ నవ్వారు. అత్త నవ్వలేదు. బోర్డు వైపు కాసేపు చూసి, "మనకి లైను ఉండాలే. నేకపోతే వానలో ఉంటాం" అంది. ఆ తర్వాత మిల్లు మూసినప్పుడల్లా, గదులు ఖాళీ చేయమంటారన్న పుకారు పుట్టినప్పుడల్లా, ఎవరో ఒకరు, "ఆ పిల్లని అడగండి, పాసు కొనేసిందేమో" అని నన్ను ఆటపట్టించేవారు. ఆ ఎగతాళిలో ఎంత భయం ఉందో ఇప్పుడు తెలుస్తోంది.

ఎంత ఉపాయం చేసినా కొన్ని ఆటల దగ్గర నిలబడక తప్పేది కాదు. అప్పుడు అత్త మా వెనక నిలబడి, తన ముందున్న పిల్లల వీపు మీద వేలితో తెలుగు అక్షరం రాసేది. అదేమిటో వీపుతోనే చదివి చెప్పాలి. చెబితే మరో అక్షరం. చెప్పలేకపోతే అదే మళ్లీ, ఇంకా నెమ్మదిగా. మా లైనులో నా ఈడు వాళ్లు తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు. నేను చదవగలను, ఇదిగో రాస్తున్నాను. ఈ లిపిని నేను పలక మీద నేర్చుకోలేదు. చెమటకు అంటుకుపోయిన గౌను మీద నేర్చుకున్నాను. 'క్ష' రాసినప్పుడు నాకు చక్కిలిగింత పెట్టేది. ఆ అక్షరం చూస్తే ఇప్పటికీ వీపు ముడుచుకుంటుంది.

అత్త తాను ఏ ఆటా ఎక్కేది కాదు. దిగే గేటు దగ్గర మా అందరి చెప్పులూ పట్టుకుని నిలబడేది. ఒక్క సీటు మిగిలితే ఆట నడిపే కుర్రాళ్లు "ఒక్కరున్నారా?" అని బంగ్లాలో కేక వేస్తారు. అప్పుడు చెయ్యెత్తమని మాకు నేర్పింది. స్నేహితురాలిని వదిలి ఒక్కదాన్నే ఎక్కడానికి నేను ఏడిస్తే, "ఎక్కడం ఇడిగా ఎక్కండే. దిగేది ఒక్క కాడే గదా, నానక్కడే ఉంటాను" అనేది.

ఈ వేసవిలో ఆమె కడుపు ఉబ్బడం మొదలైంది. ముందు గ్యాసన్నారు. తర్వాత లోపల గడ్డ ఉందన్నారు. మావయ్యకు మిల్లులో పని ఉన్న రోజుల్లో ఆసుపత్రికి నేను తోడు వెళ్లేదాన్ని. అక్కడ కూడా అత్త పార్కుకు వెళ్లినట్టే వెళ్లింది. మొదటి లోకల్‌కు బయల్దేరేది. అందరూ ముందు కిటికీ దగ్గర మూగితే వెనక భవనంలో ఇంకో కిటికీ ఉంటుందేమోనని వెతికేది. జోరువానలో మందులకు వెళ్లేది. చీటీ వరస, మందుల వరస, రక్తపరీక్ష వరస, అన్నీ ఆమె ఉపాయానికి లొంగాయి. స్కాను తారీఖు లొంగలేదు. దానికి వెనక దారి లేదు, వానకు భయపడి ఎవరూ ఇంటికి పోరు.

ఒకరోజు స్కాను గది బయట హాలులో నేల మీద కూర్చుని ఉంటే ఒకతను వచ్చి పక్కన గొంతుకూర్చున్నాడు. "డేట్ ఎగియే దేబో మాషిమా" అన్నాడు, తారీఖు ముందుకు జరిపిస్తాను పిన్నీ అని. ఎవరిని కలవాలో, ఎంతవుతుందో కూడా చెప్పాడు. అత్త అతన్ని ఎగాదిగా చూసింది. "ఎగియే దిలే పిఛోబే కే?" అంది. నన్ను ముందుకు జరిపితే వెనక్కి పోయేదెవరు అని. అతను నవ్వి, "అది మీకెందుకు మాషిమా?" అన్నాడు.

ఎదురుగా గోడకు ఆనుకుని ఒకావిడ కూర్చుని ఉంది. ఒడిలో కూతురు, ఎదిగిన పిల్ల, పసిదానిలా ముడుచుకుని పడుకుంది. అత్త వాళ్లను చూస్తూ ఉండిపోయింది. అతను లేచి ఇంకొకరి దగ్గరకు వెళ్లాడు.

తిరుగు రైల్లో నేను ఊరుకోలేకపోయాను. లైనులో అందరూ తలా కాస్త వేస్తామన్నారని, నాన్న మాట్లాడి చూస్తాడని చెప్పాను. "ఇది పార్కు కాదత్తా. ఇక్కడ ఆగితే మనిషి మిగలదు" అన్నాను. కిటికీలోంచి చూస్తూనే అంది, "నా ముందున్నోళ్లు మాత్రం ఆడుకోడానికి వచ్చేరేటే?"

ఆమె చేసింది ఒప్పని రాయాలని కూర్చున్నాను, రాయలేకపోతున్నాను. తప్పని రాయడానికీ చెయ్యి రావడం లేదు. మా నాన్న ఆమెకు చెప్పకుండానే ఆ తారీఖు జరిపిస్తానన్నతని కోసం ఆసుపత్రికి వెళ్లాడు. అతను కనబడలేదు. కనబడి ఉంటే ఏమయ్యేదో తెలియదు. ఆ గోడకానుకున్న ఆవిడ కూతురికి ఏమైందో కూడా తెలియదు.

చివరిసారి వెళ్లినప్పుడు గేటు దగ్గర కాపలా మనిషి నన్ను ఆపాడు. పేషెంటుకు నువ్వేమవుతావన్నాడు. మేనకోడలినన్నాను. సొంతమా అన్నాడు. బంగ్లాలో నాకు మాట దొరకలేదు. వరసకు మేనకోడలిని అన్నది ఆ భాషలో ఎలా చెప్పాలి? అత్త అప్పటికే లోపల వరసలో ఉంది, నిలబడలేక నేల మీద కూర్చుని, కూర్చునే జరుగుతోంది. వెనక్కి తిరిగి కాపలా మనిషితో, "ఛేడే దాఒ బాబా, ఒ ఆమార్ లైనేర్ మేయే" అంది. వదిలిపెట్టు బాబూ, అది మా లైను పిల్ల అని. అతనికి ఏం అర్థమైందో, వదిలేశాడు.

వెళ్లి ఆమె వెనక కూర్చున్నాను. వెన్నుపూసలు జాకెట్టులోంచి తెలుస్తున్నాయి. ఆమె వీపు మీద వేలితో 'వ' రాశాను, తర్వాత 'ర', తర్వాత 'స'. నొప్పి పుడుతుందేమోనని మెల్లగా రాశాను. అత్త "వరస" అంది. క్యూని వరసంటాం, చుట్టరికాన్నీ వరసే అంటాం, ఒకే మాట, చూశావా అత్తా అన్నాను. నేను కనిపెట్టిన పెద్ద విశేషంలా చెప్పాను. "తెల్సులే" అంది. ముందున్నవాళ్లు జరిగితే తనూ చేతులు నేలకాన్చి జరిగింది. తర్వాత అంది, "నీ 'ర' ఇంకా వంకరే."

అదే మా ఇద్దరి చివరి మాట.

శ్మశానానికి ఆడపిల్లవి నువ్వెందుకని నాయనమ్మ అంది. కాగితాలు బంగ్లాలో రాయాలి, పిల్ల రావాల్సిందేనని మావయ్య అన్నాడు. గంగ ఒడ్డున కరెంటు కొలిమి ఒక్కటే పనిచేస్తోంది. మా ముందు చాలామంది ఉన్నారు. పాడెలు ఒకదాని వెనక ఒకటి, రేకుల కప్పు కింద, తడిసిన పూలదండలతో. రేకుల మీద వాన చప్పుడుకు మాటలు వినబడటం లేదు. యూనియన్ తాలూకు ఒకాయన వచ్చి మావయ్య చెవి దగ్గర వంగి, లోపల తనకు తెలిసినవాళ్లున్నారని, ముందు పెట్టిస్తానని చెప్పాడు. మావయ్య ఆయన చెయ్యి పట్టుకుని నిమిరాడు. "వద్దు బాబూ. లైనులోనే ఉంటాది" అన్నాడు.

అందరి చెప్పులూ గోడ వారన తడుస్తున్నాయి. వాటిని పట్టుకుని నిలబడ్డవాళ్లు ఎవరూ లేరు.

అత్త వెల్లకిలా పడుకుని ఉంది. రాయడానికి ఆమె వీపు నాకు దొరకదు. నా ముందు మావయ్య నిలబడ్డాడు, తడిసిన చొక్కా ఒంటికి అంటుకుని ఉంది. నా వేలు దానంతటదే లేచింది. ఆయన వీపు మీద 'ర' రాశాను. వంకర పోకుండా, నెమ్మదిగా. మావయ్యకు చదువు రాదు. వెనక్కి తిరగకుండానే, "ఏటి రాసేవే?" అన్నాడు.

చెప్పబోయేలోపు ముందున్నవాళ్లు పాడె ఎత్తారు. మావయ్య వంగి అత్త తల వైపు పట్టుకున్నాడు, నేను కాళ్ల వైపు పట్టుకున్నాను. ఒక్క పాడె మేర ముందుకు జరిగి, మళ్లీ దించి, నిలబడ్డాం.